హూడి దాకా: నోడ్ అమ్మేవాళ్ళు చెప్పని టెస్ట్‌నెట్ చరిత్ర

పోయిన ఎపిసోడ్‌లో బ్లాక్‌చెయిన్ గురించి మాట్లాడుకున్నం కదా. వాలిడేటర్ల సంగతి వచ్చేసరికి టైం అయిపోయింది, సగంలోనే ఆపేసిన. ఆ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న: "అన్నా, నోడ్ కొంటే నెలనెలా పైసలొస్తయంటున్నరు, నిజమేనా?" మైకు ముందు తొందరగా జవాబు చెప్పే కంటే రాస్తేనే మంచిదనిపించింది. కొంచెం పొడుగుంటది. డ్యూటీ బస్సులో చదువుకోండి.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ముసఫ్ఫాలో మా క్యాంపులనే ఒక షట్టరింగ్ కార్పెంటర్ తమ్ముడు ఒకరోజు రాత్రి ఫోన్ పట్టుకొని వచ్చిండు. జగిత్యాల దిక్కు పిల్లగాడు, వచ్చి రెండేండ్లు కాలేదు. ఎవరో "వాలిడేటర్ నోడ్ ప్యాకేజీ" అని 4,000 దిర్హమ్‌లకు అమ్ముతున్నరట. నెలకు 8 శాతం వస్తదట. 1,500 అప్పటికే కట్టిండు, మిగతాది జీతం పడంగనే కట్టాలె. యాప్ తెరిచి చూపించిండు. అందులో రోజూ పెరుగుతున్న అంకె ఒకటి ఉంది, అంతే.

"నీ నోడ్ ఏడున్నది?" అని అడిగిన.

"యాప్‌ల ఉన్నది అన్నా."

"టెస్ట్ ఎప్పుడు చేసినవ్?"

"టెస్ట్ ఏంది?"

సైట్‌లో పనిచేసేవాళ్ళకు నేను ఆ మాట ఎందుకు అడిగిననో అర్థమైతది. కాంక్రీట్ పోసినప్పుడు క్యూబులు తీస్తం. 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని ల్యాబుల పగలగొట్టి చూస్తరు. గోడ మూసే ముందు పైపులకు ప్రెషర్ టెస్ట్ పెడతం. రిపోర్ట్ లేకుంటే కన్సల్టెంట్ సంతకం పెట్టడు. అసలైన బ్లాక్‌చెయిన్‌లకు కూడా ఇట్లాంటి టెస్టింగ్ చరిత్ర ఉంది, పదేళ్ళది. అదంతా అందరి కండ్ల ముందే జరిగింది. అది తెలిస్తే, ఎవడన్నా నోడ్ అమ్మొస్తే ఏం అడగాలో మీకే తెలుస్తది.

చిట్టీ పుస్తకం ఎవరి దగ్గరుంది?

ముందు మాటలు తేల్చుకుందాం. క్యాంపుల్లో చిట్టీలు వేస్తం కదా. 20 మంది, నెలకు ఇంత అని. పుస్తకం ఒకరి దగ్గరుంటది. ఆ మనిషి మంచోడైతే సరే. ఒక రోజు చెప్పకుండా క్యాన్సిల్ చేసుకొని ఇంటికి పోతే పుస్తకమూ పోతది, పైసలూ పోతయి. అట్ల కాకుండా 20 మంది దగ్గర 20 పుస్తకాలుండి, ఎవరు ఎంత కట్టిండ్రో అందరూ రాసుకుంటూ, ఎక్కువమంది పుస్తకాలు కలిస్తేనే లెక్క ఖాయం అనుకుంటే? స్థూలంగా బ్లాక్‌చెయిన్ అంటే అదే. పుస్తకం పెట్టుకున్న కంప్యూటర్‌ను నోడ్ అంటారు. కొత్త పేజీ సరిగ్గా ఉందా లేదా అని ఓటు వేసే హక్కు కోసం డిపాజిట్ కట్టినవాడు వాలిడేటర్. ఈథిరియంలో ఆ డిపాజిట్ కనీసం 32 ఈథర్. సరిగ్గా ఓటు వేస్తూ ఉంటే కొంత ప్రతిఫలం వస్తది. నోడ్ ఆగిపోతే కొంచెం కొంచెం కోస్తారు. ఒకే పేజీకి రెండు రకాలుగా ఓటు వేస్తే గట్టి కోత పెట్టి బయటికి పంపిస్తారు, దాన్ని స్లాషింగ్ అంటారు.

మన తెలంగాణలో చిట్‌ఫండ్ కంపెనీల లెక్కల కోసం వచ్చిన టీ-చిట్స్ కూడా బ్లాక్‌చెయిన్ మీద కట్టిందే. చిట్‌మాంక్స్ అనే హైదరాబాద్ స్టార్టప్ దాన్ని తయారుచేసింది. అయితే అట్లాంటి వాటిలో నోడ్ ఎవరు నడపాలో పైనుంచే నిర్ణయిస్తారు. నేను చెప్పేది ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎవరైనా చేరగలిగే పబ్లిక్ నెట్‌వర్క్‌ల గురించి. ఎవరైనా చేరొచ్చంటే తెలిసినోడూ చేరతడు, తెలియనోడూ చేరతడు, దొంగా చేరతడు. అందుకే వీటిని నలుగురు ఇంజనీర్లు ఆఫీసులో కూర్చొని టెస్ట్ చేస్తే సరిపోదు. బయటి జనం చేతికిచ్చి చూడాల్సిందే.

2015: చెడగొట్టినవాళ్ళకు బహుమతి

ఈథిరియం 2015 జూలై 30న మొదలైంది. అంతకు ముందు మే నెలలో ఒలింపిక్ అనే టెస్ట్‌నెట్ నడిపారు. టెస్ట్‌నెట్ అంటే అసలు నెట్‌వర్క్ లాగే నడిచే నకలు. పెద్ద తేడా ఒకటే, అందులో నాణేలకు విలువ లేదు. ఈథిరియం ఆలోచన మొదలుపెట్టిన వితాలిక్ బ్యూటెరిన్ అప్పుడు ఒక పోటీ ప్రకటించాడు. నెట్‌వర్క్‌ను లావాదేవీలతో ముంచెత్తండి, ఎంత కష్టపెట్టగలిగితే అంత కష్టపెట్టండి, బాగా పరీక్ష పెట్టినవాళ్ళకు మొత్తం 25,000 ఈథర్ వరకు బహుమతులు అని. కొత్త స్లాబు మీద ఇసుక బస్తాలు పేర్చడానికి ఊరందరినీ పిలిచినట్టు.

తర్వాత మోర్డెన్ వచ్చింది. 2016 నవంబర్‌లో దాని స్థానంలో రాప్‌స్టెన్ పెట్టారు. మోర్డెన్ లండన్ మెట్రోలో ఒక స్టేషన్, రాప్‌స్టెన్ స్టాక్‌హోమ్‌ది. టెస్ట్‌నెట్‌లకు స్టేషన్ల పేర్లు పెట్టడం అట్ల అలవాటైంది. కోవాన్ సింగపూర్‌ది, సెపోలియా ఏథెన్స్‌ది. బెర్లిన్‌లోని గోర్లిట్సర్ స్టేషన్ పేరు మీద గోర్లి వచ్చింది. ఈ ముచ్చట గుర్తుపెట్టుకోండి, చివర్లో మన పక్కనున్న స్టేషన్ ఒకటి వస్తది.

2017 ఫిబ్రవరిలో రాప్‌స్టెన్ మీద దాడి జరిగింది. విలువలేని నెట్‌వర్క్ కాబట్టి కాపలా కాసే కంప్యూటర్ల బలం తక్కువ. ఎవరో మోయలేనంత పెద్ద బ్లాకులు పెట్టి దాన్ని దాదాపు పనికిరాకుండా చేశారు. మార్చిలో కొందరు తమ గ్రాఫిక్స్ కార్డుల శక్తిని ఉచితంగా ఇచ్చి దాన్ని మళ్ళీ నిలబెట్టారు. చాలామంది పని ఆగింది, చిరాకు పడ్డారు. కానీ ఎవరి జీతం డబ్బులూ పోలేదు. టెస్ట్‌నెట్ ఉన్నదే అందుకు.

2020: గడియారం తప్పిన రోజు

అప్పటిదాకా ఈథిరియంలో మైనింగ్ ఉండేది. అంటే కరెంటు కాల్చి, కంప్యూటర్లతో లెక్కలు కట్టించి, గెలిచినవాడు పేజీ రాసేవాడు. దాన్ని మార్చి డిపాజిట్ కట్టిన వాలిడేటర్ల ఓట్ల మీద నడపాలని చాలా ఏళ్ళు పనిచేశారు. ఆ కొత్త పద్ధతికి పెద్ద ఎత్తున బహిరంగ పరీక్ష మెడాల్లా టెస్ట్‌నెట్. 2020 ఆగస్టు 4న మొదలైంది. ఇళ్ళల్లో, ఆఫీసుల్లో మామూలు మనుషులు నోడ్లు పెట్టుకొని వేల సంఖ్యలో వాలిడేటర్లుగా చేరారు.

నోడ్ నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్‌ను క్లయింట్ అంటారు. ఒకే రూల్‌బుక్ చూసి వేర్వేరు టీములు విడివిడిగా రాసిన క్లయింట్లు ఉంటాయి. ప్రిజమ్, లైట్‌హౌస్, టెకూ, నింబస్ అట్లాంటివే. మెడాల్లాలో ఎక్కువమంది వాడింది ప్రిజమ్.

పది రోజులు బాగానే నడిచింది. ఆగస్టు 14న ప్రిజమ్ నోడ్లకు టైం తప్పింది. ఆ క్లయింట్ ఆరు సర్వర్లను టైం అడిగి సగటు తీసుకునేది. ఆరింటిలో ఒకటి 24 గంటలు ముందున్న టైం చెప్పింది. 24ను 6తో భాగిస్తే 4. అట్ల ఆ నోడ్లన్నీ తాము 4 గంటలు భవిష్యత్తులో ఉన్నామనుకున్నాయి. ఇంకా రాని టైంకు ఓట్లు వేశాయి. మెజారిటీ అదే క్లయింట్ మీద ఉండడంతో నెట్‌వర్క్ మొత్తం గాడి తప్పింది. టీమ్ తొందరపడి విడుదల చేసిన సరిదిద్దిన వెర్షన్‌లో ఇంకో పెద్ద తప్పు దొర్లి దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. లెక్క మళ్ళీ ఖాయం కావడానికి రోజులు పట్టింది. చాలామంది వాలిడేటర్లకు టెస్ట్ నాణేలలో కోత పడింది.

నాకు ఇందులో నచ్చింది తర్వాత జరిగిన పని. ఏం తప్పు జరిగింది, ఎన్ని గంటలకు జరిగింది, ఎవరు ఏం చేశారు అని ప్రిజమ్ టీమ్ మొత్తం రాసి అందరికీ చూపించింది. టైం ఒకే పద్ధతి మీద వదిలేయొద్దు, అందరూ ఒకే క్లయింట్ వాడొద్దు, కంగారులో అప్‌డేట్ ఇవ్వొద్దు అని అందరూ నేర్చుకున్నారు. సైట్‌లో యాక్సిడెంట్ అయితే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాస్తం కదా, అది. దాచిపెట్టిన యాక్సిడెంట్ మళ్ళీ జరుగుతది.

అసలు నెట్‌వర్క్ డిపాజిట్లు 2020 నవంబర్ 4న తెరిచారు. కనీసం 16,384 మంది వాలిడేటర్లు కడితేనే మొదలుపెడతామన్నారు. ఆ లెక్క నవంబర్ 24న నిండింది. డిసెంబర్ 1న, మన ఇక్కడి టైం సాయంత్రం 4 గంటలకు, ఇండియాలో ఐదున్నరకు, బీకన్ చెయిన్ మొదలైంది.

అయినా మైనింగ్‌ను అప్పుడే ఆపలేదు. దాదాపు రెండేళ్ళు రెండూ పక్కపక్కన నడిచాయి. రెండింటినీ కలిపే పనిని ముందు టెస్ట్‌నెట్‌ల మీద చేసి చూశారు. 2022 జూన్ 8న రాప్‌స్టెన్, జూలై 6న సెపోలియా, ఆగస్టులో గోర్లి. మూడూ దాటాక 2022 సెప్టెంబర్ 15న అసలుదాన్ని మార్చారు. మన టైం ఉదయం 10:42. ఆ రోజు గుర్తుందా? ఎండాకాలం మధ్యాహ్నం విరామానికి ఆ ఏడాది ఆఖరి రోజు. మనం సైట్ మీద ఉన్నప్పుడే, నెట్‌వర్క్ ఆపకుండా, దాని ఇంజన్ మార్చారు. కరెంటు వాడకం దాదాపు 99.95 శాతం తగ్గింది.

హైదరాబాద్ వాళ్ళు ఉన్న చోటు

ఈథిరియం ఒక్కటే కాదు. కాస్మోస్ అనే ఇంకో నెట్‌వర్క్ వాళ్ళు 2018 డిసెంబర్‌లో "గేమ్ ఆఫ్ స్టేక్స్" అని ఒక పోటీ పెట్టారు. వాలిడేటర్లు కాదలుచుకున్నవాళ్ళు టెస్ట్‌నెట్‌లో చేరి ఒకరి మీద ఒకరు దాడి కూడా చేసుకోవచ్చు, నిలబడినవాడే గట్టోడు. అందులో తేలిన తప్పులు దిద్దుకొని 2019 మార్చి 13న అసలు కాస్మోస్ హబ్‌ను మొదలుపెట్టారు. మొదట్లో వాలిడేటర్ల సంఖ్య 100కు పరిమితం. అక్కడ నోడ్ ఎక్కువసేపు ఆగితే 0.01 శాతం కోసి పక్కన పెడతారు, దాన్ని "జైల్" అనే అంటారు. రెండు సంతకాలు పెడితే 5 శాతం కోత.

కాస్మోస్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసిన సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన విట్‌విట్ ఒకటి. విట్‌వాల్ పేరుతో వాలిడేటర్ కూడా నడిపారు. అంటే ఇది మన వాళ్ళకు అందని పనేం కాదు. కానీ వాళ్ళు చేసింది కోడ్ రాయడం, నోడ్లు కాపాడుకోవడం, రాత్రిపూట అలారం మోగితే లేవడం. అది ఉద్యోగం లాంటిది. ప్యాకేజీ కొని పడుకుంటే వచ్చేది కాదు.

హోలెస్కీ పడిపోయింది, హూడి వచ్చింది

నాణేలకు విలువ లేదన్నాను కదా. గోర్లిలో ఆ నియమమే చెడింది. టెస్ట్ నాణేలు కొందరి దగ్గరే పోగుపడి, మిగతావాళ్ళకు దొరక్కుండా పోయాయి. 2023 ఫిబ్రవరిలో వాటిని అసలు డబ్బుతో కొనే మార్కెట్ కూడా పుట్టింది. టెస్ట్ నాణేన్ని అమ్ముకునేవాడు అప్పుడూ ఉన్నడు, ఇప్పుడూ ఉంటడు.

దాని స్థానంలో ప్రేగ్ స్టేషన్ పేరు మీద హోలెస్కీ వచ్చింది. 2023 సెప్టెంబర్ 15న మొదలుపెట్టబోతే సెట్టింగ్ తప్పుండి ఆగింది, 28న మళ్ళీ మొదలుపెట్టారు. 2025 ఫిబ్రవరి 24న పెక్ట్రా అనే పెద్ద అప్‌డేట్‌ను దాని మీద పరీక్షించారు. గెత్, నెదర్‌మైండ్, బేసు అనే మూడు పెద్ద క్లయింట్లలో డిపాజిట్లు తీసుకునే అడ్రస్ హోలెస్కీకి సరిపోయేది పెట్టలేదు. ఒక్క అడ్రస్. ఎక్కువమంది ఆ మూడే వాడుతుండడంతో తప్పుడు పేజీకే మెజారిటీ ఓటు పడింది. సరైన క్లయింట్ ఉన్నవాళ్ళు తక్కువైపోయారు. దారి తప్పిన వాలిడేటర్లను ఒక్కొక్కరినీ పిలిచి వెనక్కి తెచ్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. మార్చి 10న గానీ లెక్క మళ్ళీ ఖాయం కాలేదు.

అదే అసలు నెట్‌వర్క్ మీద జరిగి ఉంటే? అందుకే ఆ పరీక్ష ఫెయిల్ కావడమే మంచిదైంది. కానీ హోలెస్కీ నుంచి బయటికి పోవాల్సిన వాలిడేటర్ల లైను ఎంత పెరిగిందంటే, ఖాళీ కావడానికి ఏడాది పట్టేటట్టుంది. డిపాజిట్ వెనక్కి తీసుకోవడాన్ని టెస్ట్ చేయడానికి అక్కడ ఇక వీలు లేదు. అందుకని 2025 మార్చి 17న కొత్త టెస్ట్‌నెట్ తెరిచారు. దాని పేరు హూడి.

అవును, బెంగళూరు హూడియే. వైట్‌ఫీల్డ్ పోయే దారిలో వస్తది. 2023 మార్చిలో ఆ దిక్కు మెట్రో నడవడం మొదలైంది. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి బెంగళూరు పోయి బిల్డింగులు కట్టినవాళ్ళు మన క్యాంపుల్లోనే ఎంతమందో ఉన్నరు. లండన్, స్టాక్‌హోమ్, బెర్లిన్ తర్వాత ఆ లైనులోకి మన పక్క ఊరి పేరు వచ్చింది. మార్చి 26న పెక్ట్రాను హూడి మీద పరీక్షించారు, నిలబడింది. మే 7న అసలు ఈథిరియం మీదికి వెళ్ళింది.

మరి మనం చేరొచ్చా?

హూడిలో ఎవరైనా చేరొచ్చు. ఒక్క దిర్హమ్ కట్టక్కర్లేదు. ఫాసెట్, అంటే కుళాయి, అనే చోట్ల టెస్ట్ నాణేలు ఉచితంగా ఇస్తారు. ఒక కంప్యూటర్ కావాలి, మంచి ఎస్ఎస్‌డీ కావాలి, ఆగని ఇంటర్నెట్ కావాలి. రెండు క్లయింట్లు ఎక్కించాలి. పుస్తకం మొత్తం దిగేదాకా ఆగాలి. కీలు తయారు చేసుకొని, వాటిని ఎవరికీ చూపకుండా దాచుకోవాలి. డిపాజిట్ కట్టి లైనులో నిలబడాలి. ఆ తర్వాత మీ నోడ్ ఓట్లు వేస్తుందా లేదా అనేది ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

నేను సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద పెట్టి చూసిన. 32 టెస్ట్ నాణేలు పోగు చేయడానికే చాలా రోజులు పట్టింది. తర్వాత క్యాంపు వైఫై పోయినప్పుడల్లా నోడ్ ఆగేది, పెనాల్టీ పడేది. డ్యూటీ నుంచి వచ్చి చూసుకునేసరికి సగం రోజు ఓట్లు పోయి ఉండేవి. విలువలేని నాణేలు పోగొట్టుకొని నేను తెలుసుకున్నది ఒకటి: క్యాంపు రూములో ఉండి అసలు వాలిడేటర్ నడపడం నా వల్ల కాదు. ఇది తెలుసుకోవడానికి నాకైన ఖర్చు ల్యాప్‌టాప్ ధర మాత్రమే.

అసలుదాని సంగతి కూడా చెప్పాలి. 32 ఈథర్ అంటే మనలో ఎక్కువమందికి అందే మొత్తం కాదు. ఈ మధ్య ఏడాదికి వచ్చే ప్రతిఫలం 3 శాతం అటూ ఇటూ. ఈథర్ రేటు పడితే అసలే తగ్గుతది. అట్లాంటిది నెలకు 8 శాతం ఇస్తామంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తది? తర్వాత చేరిన పిల్లగాడి జేబులోంచి.

కాబట్టి నోడ్ అమ్మొచ్చినోడిని నాలుగు ముక్కలు అడగండి. ఏ నెట్‌వర్క్, ఏ క్లయింట్? నా వాలిడేటర్ ఓట్లు నీ యాప్‌లో కాకుండా బయట ఎక్కడ చూడొచ్చు? కీలు ఎవరి దగ్గర ఉంటాయి? డబ్బు కట్టకముందు ఏ టెస్ట్‌నెట్ మీద నడిపి చూడొచ్చు? ఈ దేశంలో ఇట్లాంటి వ్యాపారానికి లైసెన్సు ఉంటది. అబుదాబిలో ఏడీజీఎం 2018లోనే నియమాలు పెట్టింది, దుబాయ్‌లో 2022లో వారా అనే సంస్థ ఏర్పడింది. ఎవరెవరికి లైసెన్సు ఉందో వాళ్ళ వెబ్‌సైట్లలోనే చూసుకోవచ్చు.

మా తమ్ముడు నా ముందే ఆ నాలుగో ప్రశ్న మెసేజ్ పెట్టిండు. "ఆఫర్ ఈ రాత్రితో అయిపోతది, మిగతా 2,500 పంపు" అని జవాబు వచ్చింది. మళ్ళీ అడిగితే బ్లాక్ చేసిండ్రు. కట్టిన 1,500 ఇంకా రాలేదు, వస్తదని నేను అనుకోవడం లేదు. కంప్లయింట్ రాసి ఇచ్చినం. ఆ 2,500 మాత్రం జీతం పడ్డ రోజే ఇంటికి పంపిండు. ఇప్పుడు ఆదివారాలు నా ల్యాప్‌టాప్ ముందు కూర్చొని, నోడ్ ఎందుకు ఆగిందో లాగులు చదవడం నేర్చుకుంటున్నడు. ఇంగ్లీషు రాదని భయపడ్డడు గానీ, ఎర్రర్ వచ్చిన లైను ఏదో నాకంటే ముందే పట్టుకుంటున్నడు.

మీ దగ్గరికి ఇట్లాంటి ఆఫర్ వస్తే స్క్రీన్‌షాట్ పంపండి, పేరు బయటపెట్టం. డబ్బు పంపినంక కాదు, పంపకముందు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో మీ ప్రశ్నలకు మైకు ముందే జవాబు చెప్త.